అడిగేది ఎక్కువ, చెప్పేది తక్కువ: స్వచ్ఛంద సంస్థల ఉద్యోగ పేజీల్లో ఏం మారాలి?

పలాస బస్టాండు పక్కనో, చీపురుపల్లి మెయిన్ రోడ్డు మీదనో ఉండే నెట్ సెంటర్లలో సాయంత్రం పూట తరచూ కనిపించే దృశ్యం ఇది. డిగ్రీ చదివిన అమ్మాయి సర్టిఫికెట్ల కవరు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడి ఉంటుంది. సెంటర్ నడిపే కుర్రాడు ఆమెను అడిగి ఒక్కో గడీ నింపుతుంటాడు. ఈమెయిల్ గడి వస్తుంది. ఎప్పుడో ఎవరో తెరిచి ఇచ్చిన మెయిల్ ఆమెకు ఉంది గానీ పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. వెనక ఇంకో నలుగురు ఎదురుచూస్తున్నారు. కుర్రాడు తన మెయిలే కొట్టి పని ముగిస్తాడు. రెండు వారాల తర్వాత ఇంటర్వ్యూకు రమ్మని సంస్థ పంపిన కబురు ఆ కుర్రాడి మెయిల్‌లో వందల ఉత్తరాల కింద పడి ఉంటుంది. తనను పిలవలేదని ఆమె అనుకుంటుంది. పిలిచినా ఆమె రాలేదని సంస్థ రాసుకుంటుంది.

ఆమె తప్పు లేదు, కుర్రాడి తప్పూ లేదు. ఈమెయిల్ గడి పక్కన ‘తప్పనిసరి’ అని ఎర్ర గుర్తు పెట్టిన చోట తప్పు జరిగింది. ఆ గుర్తు పెట్టినవారు ఒక్క ప్రశ్న వేసుకుని ఉండాల్సింది: మెయిల్ చూసుకోని మనిషికి ఈ పని చేతకాదా? ఊరూరా తిరిగి బాలింతలతో మాట్లాడే ఉద్యోగానికి మెయిల్‌తో సంబంధం ఏమిటి?

వ్యాపార సంస్థలో ఉద్యోగం అడిగేవారు వేరు, సరుకు కొనేవారు వేరు. స్వచ్ఛంద సంస్థకు అలాంటి గీత ఉండదు. ఉద్దానంలో కిడ్నీ రోగుల కుటుంబాలతో పనిచేసే సంస్థకు కార్యకర్త కావాలంటే, అందరికంటే తగిన మనిషి కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో అలాంటి కుటుంబంలోనే దొరకవచ్చు. ఈ రోజు దరఖాస్తు పెట్టిన యువకుడే రేపు అదే సంస్థ వైద్య శిబిరానికి తల్లిని తీసుకుని వస్తాడు. దరఖాస్తు దగ్గర తనను ఎలా చూశారో అతనికి గుర్తుంటుంది. అందుకే ఉద్యోగ పేజీని సంస్థ సేవలో ఒక భాగంగా లెక్కవేయాలి. శిబిరంలో రోగికి కుర్చీ వేసినంత శ్రద్ధ ఇక్కడా కనిపించాలి.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సంస్థల ఉద్యోగ పేజీలకైనా, వాటిని చూసి తయారయ్యే ఫారాలకైనా పట్టే జబ్బు ఒకటే. అవి అభ్యర్థిని అడిగేది చాలా, అభ్యర్థికి చెప్పేది కొంచెం. తండ్రి వృత్తి దగ్గర నుంచి అభిరుచుల దాకా ముప్పై గడులు నింపమంటాయి. జీతం ఎంతో, పని ఏ మండలంలోనో, ఎన్నాళ్లో మాత్రం చెప్పవు.

చెప్పవలసినవి

మొదట జీతం. ‘అర్హతను బట్టి’, ‘సంస్థ నిబంధనల ప్రకారం’ అన్న మాటలు అభ్యర్థికి ఏమీ చెప్పవు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే. ఇంటర్వ్యూకు వచ్చిపోవడానికి ఒక రోజు కూలీ పోతుంది, బస్సు చార్జీలు అదనం. అంత ఖర్చు పెట్టుకుని వచ్చాక, ఇంట్లో గడవనంత తక్కువ జీతమని తెలిస్తే ఆ మనిషి పడే బాధకు సంస్థదే బాధ్యత. నెలకు చేతికి వచ్చేది ఎంత, అందులో పీఎఫ్ కోత ఎంత, తిరగడానికి పెట్రోలు ఖర్చు విడిగా ఇస్తారా, జీతంలోనే కలిపారా అన్నది పేజీ పైభాగంలోనే కనిపించాలి. సొంత బండి తప్పనిసరైతే అదీ అక్కడే రాయాలి. మహిళలు చాలామంది ఈ ఒక్క షరతు దగ్గరే ఆగిపోతారు. బండి లేనివారికి బస్సు ఉన్న ఊళ్లు కేటాయించే వీలుంటే ఆ మాట కూడా చెప్పాలి. చెబితే దరఖాస్తు చేసేవారు పెరుగుతారు.

రెండోది కాలం. స్వచ్ఛంద సంస్థల్లో ఎక్కువ ఉద్యోగాలు ప్రాజెక్టుకు ముడిపడినవి. దీనికి కారణాలున్నాయి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద కంపెనీలు సామాజిక బాధ్యతగా ఇచ్చే సీఎస్ఆర్ నిధుల్లో, కొనసాగే ప్రాజెక్టు అన్నదాన్ని మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్లకు మించి నడపడానికి నిబంధనలు ఒప్పుకోవు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ కార్యాలయ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. దాంతో నిధులు అయిపోయాక మనిషిని ఆఫీసు ఖాతాలో నిలుపుకోవడం సంస్థకు కష్టం. ఈ సంగతులు సంస్థ లోపలివారికి తెలుసు, అభ్యర్థికి తెలియవు. విశాఖపట్నంలో షాపు ఉద్యోగం వదిలేసి సొంత జిల్లాకు తిరిగి రావాలనుకునే మనిషికి ‘ఈ పని 2 సంవత్సరాలు, నిధులు పొడిగిస్తేనే తర్వాత కొనసాగుతుంది’ అన్న వాక్యం చాలా విలువైనది. దాన్ని నియామక పత్రంలో ఎనిమిదో షరతుగా పెట్టి, చేరే రోజున చూపించడం అన్యాయం.

మూడోది చోటు. ‘పనిచేసే ప్రదేశం: శ్రీకాకుళం జిల్లా’ అని రాస్తే ఏ ఊరు అనుకోవాలి? మెళియాపుట్టి కొండల దగ్గరి ఊరుకూ, ఎచ్చెర్ల హైవే పక్క ఊరుకూ చివరి బస్సు దొరికే వేళ ఒకటి కాదు. మండలం పేరు రాయాలి, బస ఎక్కడో రాయాలి, వారానికి ఎన్ని రోజులు ఊళ్లలో తిరగాలో రాయాలి. రాత్రి సమావేశాలు ఉంటే ఇంటికి ఎలా చేరుస్తారో రాయాలి. పది మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న ప్రతి సంస్థలో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అది ఉందన్న సమాచారం ఉద్యోగ పేజీలో కనిపిస్తే, చదివే అమ్మాయికే గాక ఆమెను పంపాలా వద్దా అని ఆలోచించే ఇంటివారికీ ధైర్యం.

నాలుగోది భాష. ఇచ్ఛాపురం వైపు ఒడియా వస్తే పని తేలికవుతుంది, సీతంపేట కొండల్లో సవర భాష వస్తే సగం పని అయినట్టే. ‘స్థానిక భాషా పరిజ్ఞానం ఉన్నవారికి ప్రాధాన్యం’ అని ముక్తసరిగా వదిలేయడం కంటే, ‘సవర మాట్లాడగలిగితే డిగ్రీ లేకపోయినా దరఖాస్తు చేయండి’ అని పిలిస్తే ఆ పిలుపు అందవలసినవారికి అందుతుంది. పిల్లలతో పని ఉన్న ఉద్యోగానికి పోలీసు ధ్రువీకరణ, ఇద్దరి పూచీ అడిగేటట్టయితే ఆ మాట కూడా ముందే ఉండాలి. ఇక్కడ సంస్థ మొహమాటపడాల్సిన పనే లేదు.

ఒకే ఒక వాక్యం మాత్రం ప్రతి ఉద్యోగ ప్రకటన కిందా పెద్ద అక్షరాల్లో ఉండాలి: ఏ దశలోనూ ఎవరికీ ఒక్క రూపాయి కట్టనవసరం లేదు. సేవా సంస్థ పేరు చెప్పి ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ వసూలు చేసే మోసగాళ్లు పల్లెటూరి యువతనే ఎంచుకుంటారు. డబ్బు అడిగితే సంస్థకు చెప్పడానికి ఒక ఫోను నంబరు, మోసపోతే ఫిర్యాదుకు 1930 సైబర్ నేరాల సహాయ నంబరు అక్కడే ఇవ్వాలి.

అడగకూడనివి

ఇక ఫారం. పేరు గడి దగ్గరే చిక్కు మొదలవుతుంది. వెబ్‌సైట్ తయారుచేసేవారు తెచ్చిపెట్టే ఫారాల్లో ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులుంటాయి. మన పేర్లు అలా నడవవు. ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు తర్వాత వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పెళ్లయిన అమ్మాయికి బ్యాంకు పుస్తకంలో అత్తవారి ఇంటిపేరు ఉంటుంది. ఏది మొదటిదో ఏది చివరిదో తేల్చుకోలేక ఒకరు ఇంటిపేరును ‘మొదటి పేరు’ గడిలో వేస్తారు, ఇంకొకరు రెండు గడుల్లోనూ మొత్తం పేరు కొడతారు. తర్వాత సంస్థ నుంచి వచ్చే సందేశం ‘ప్రియమైన’ అంటూ ఇంటిపేరుతో పలకరిస్తుంది. దీనికి పరిష్కారం చిన్నది. ఒకే గడి పెట్టి, ‘మీ పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టు’ అని రాయాలి. దాని కింద ‘మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి?’ అని ఇంకొకటి, ఇష్టమైతేనే నింపేది పెట్టాలి.

జిల్లా గడిది ఇంకో కథ. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాకు వెళ్లింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. విజయనగరం నుంచి సాలూరు, కురుపాం కూడా మన్యంలోకి పోయాయి. పాత జాబితాతో తయారైన ఫారంలో మన్యం జిల్లా పేరే ఉండదు. రాజాం అమ్మాయి ఏ జిల్లా నొక్కాలి? ఆమె చదువు కాగితాల్లో శ్రీకాకుళం, ఇప్పటి చిరునామాలో విజయనగరం. స్థానికులకే ప్రాధాన్యం ఇచ్చే సంస్థలో ఈ ఒక్క గడి దరఖాస్తును పక్కన పడేయగలదు. మండలం, ఊరు మాత్రం అడిగితే జిల్లా ఏదో సంస్థకే తెలుస్తుంది.

ఆధార్ సంఖ్య దరఖాస్తు దశలో ఎందుకు? ప్రైవేటు సంస్థలు ఆధార్ అడిగేందుకు వీలిచ్చిన నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టివేసింది. వంద మంది దరఖాస్తు చేస్తే ఒకరు చేరతారు. మిగతా తొంభై తొమ్మిది మంది గుర్తింపు కాగితాలు ఒక ఆఫీసు కంప్యూటర్లో మూలుగుతూ ఉండడం ఎవరికీ మంచిది కాదు. కులం, మతం, పెళ్లి అయిందా లేదా, పిల్లలెందరు అన్నవి పనికి సంబంధం లేని ప్రశ్నలు. పథకం నిబంధన వల్ల సామాజిక వర్గం తెలియాల్సి వస్తే, ఎందుకు అడుగుతున్నారో గడి కిందే చెప్పాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఈ దారిలోనే నడుస్తుంది: సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కావలసిన దానిలో చదువుకునే వీలు మనిషికి ఉండాలంటుంది. అందులో తెలుగు ఉంది.

ఫొటోల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ దరఖాస్తులు ఎక్కువగా తెగిపోయేది ఇక్కడే. ఫోను కెమెరాతో సర్టిఫికెట్ ఫొటో తీస్తే అది మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. ఫారం 200 కేబీకి మించితే తీసుకోనంటుంది. దాన్ని కుదించడం తెలియక మనిషి మళ్లీ నెట్ సెంటర్‌కు పరుగెత్తాలి. ఫొటోను కుదించే పని వెబ్‌సైటే చేసుకోగలదు. ఆ పనిని అభ్యర్థి నెత్తిన వేయనక్కరలేదు. అంతకంటే మంచిది, మొదటి దశలో సర్టిఫికెట్లే అడగకపోవడం. పిలిచిన పది మంది ఇంటర్వ్యూ రోజున తెచ్చి చూపిస్తే చాలు.

అనుభవం గడి మీద కొంచెం ఎక్కువ ఆలోచన పెట్టాలి. ‘సంస్థ పేరు, హోదా, నియామక తేదీ’ అని అడిగితే పదేళ్లు పొదుపు సంఘం లెక్కలు రాసిన మహిళ ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు ఊళ్లో బియ్యం పంపకం చూసుకున్న కుర్రాడు దాన్ని అనుభవంగా లెక్కవేసుకోడు. ‘జీతం ఉన్నా లేకపోయినా, పది మందికి పనికొచ్చేలా మీరు చేసిన పని ఒకటి చెప్పండి’ అని అడిగితే ఇద్దరికీ రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. రాయడం రానివారికి ఫోనులో మాట్లాడి రికార్డు చేసి పంపే వీలుంటే ఇంకా బాగు.

భాష, అక్షరం

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. ఆయన పుట్టిన గడ్డ మీద పనిచేసే సంస్థల ఉద్యోగ ప్రకటనల్లో ఇలాంటి వాక్యాలు కనిపించడం బాధాకరం: ‘క్షేత్రస్థాయి భాగస్వామ్య పక్షాల సమీకరణ మరియు సామర్థ్య నిర్మాణ కార్యకలాపాల సమర్థ నిర్వహణ.’ దాతలకు ఇంగ్లీషులో రాసిన నివేదికను మాటకు మాట మార్చినప్పుడు పుట్టే తెలుగు ఇది. ఇదే పనిని ఇలా చెప్పవచ్చు: ‘వారానికి నాలుగు రోజులు ఊళ్లకు వెళ్లాలి. పొదుపు సంఘాల సమావేశాల్లో కూర్చోవాలి. సభ్యులు లెక్కల పుస్తకం సొంతంగా రాసుకునేదాకా నేర్పాలి.’ రెండో దాన్ని చదివిన మనిషి ‘ఇది నేను చేయగలను’ అనో, ‘నా వల్ల కాదు’ అనో అక్కడికక్కడే తేల్చుకుంటుంది. మొదటిది చదివినవారు ఇది పెద్ద చదువులవారి కోసమని పేజీ మూసేస్తారు.

అక్షరాల సంగతి కూడా ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన ప్రకటనను అలాగే వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తే ఫోనులో పిచ్చి గీతలు వస్తాయి. దాన్ని తప్పించడానికి ప్రకటనను బొమ్మగా మార్చి పెడతారు. బొమ్మలోని అక్షరాలు గూగుల్‌లో వెతికితే దొరకవు. చూపు లేనివారికి ఫోనులోని టాక్‌బ్యాక్ దాన్ని సరిగా చదివి వినిపించడం కూడా కష్టం. ఏ ఫోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగు అక్షరాల్లో రాస్తే ఈ రెండు కష్టాలూ తీరతాయి. పేజీ కోడ్‌లో ఉద్యోగ వివరాలకు ‘జాబ్‌పోస్టింగ్’ అనే గుర్తులు జోడిస్తే గూగుల్ వాటిని ఉద్యోగాల వెతుకులాటలో విడిగా చూపుతుంది; గడువు తేదీ కూడా అందులో ఉంటుంది గనుక పాతబడ్డ ప్రకటన అక్కడ వేలాడదు.

అందరికీ అందే వెబ్‌సైట్ల కోసం అంతర్జాతీయంగా వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చింది. అందులో ఉద్యోగ ఫారాలకు నేరుగా తగిలే నియమాలు కొన్ని ఉన్నాయి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలి. ఎండలో ఆటోస్టాండు దగ్గర నిలబడి ఫోను చూసేవారికి కూడా ఇది మేలు. ఒకసారి చెప్పిన వివరాన్ని అదే ఫారంలో మళ్లీ టైపు చేయించకూడదు. గడువు పెట్టి ఫారం మూసేసేటట్టయితే దాన్ని పొడిగించుకునే వీలుండాలి. కొండ ఊళ్లలో సిగ్నల్ వచ్చీ పోతుంటుంది. ఓటీపీ వచ్చేసరికి దాని గడువు తీరిపోతుంది. లాగిన్, ఓటీపీ లేకుండా దరఖాస్తు చేయనివ్వడం, నింపినంతవరకు ఫోనులోనే దాచి ఉంచడం ఇక్కడ తప్పనిసరి అవసరాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రతి సంస్థనూ సమాన అవకాశాల విధానం ప్రకటించమంటుంది. దాన్ని ప్రకటించిన సంస్థ ఫారమే చూపు లేనివారికి తెరుచుకోకపోతే ఆ ప్రకటన కాగితానికే పరిమితం.

పంపిన తర్వాత

దరఖాస్తు చేరిందన్న కబురు వెంటనే అందాలి. ఎస్ఎంఎస్ మేలు. అయితే ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి, అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి నాలుగు అక్షరాలుగా కనిపించే ‘శ్రీకాకుళం’ అక్కడ పది. పైగా ఇలా ఒకేసారి అందరికీ పంపే సందేశాల మూసను టెలికాం కంపెనీ దగ్గర ముందే నమోదు చేయించాలి. అందుకని మాటలు ముందే కుదురుగా రాసుకోవాలి. ‘మీ దరఖాస్తు చేరింది. జూన్ 20లోగా ఫోను చేస్తాం’ అన్నంత చాలు. అందులో తేదీ ఉండడం ముఖ్యం. తేదీ లేని ‘త్వరలో’ మనిషిని నెలల తరబడి ఫోను వంక చూస్తూ కూర్చోబెడుతుంది.

ఎంపిక కానివారికి కూడా కబురు పంపాలి. దీన్ని చాలా సంస్థలు పట్టించుకోవు, సమయం లేదంటాయి. రెండు వాక్యాల ఎస్ఎంఎస్‌కు పట్టే సమయం ఎంత? వేరే ఊరి పనికి వెళ్లాలో ఆగాలో తేల్చుకోలేక ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ రెండు వాక్యాలు దారి చూపుతాయి. ఆఖరి రౌండు దాకా వచ్చిన ఇద్దరు ముగ్గురికి మాత్రం ఫోను చేసి, ఎక్కడ తగ్గిందో చెబితే వాళ్లు మళ్లీ దరఖాస్తు చేస్తారు.

ఇదంతా పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చిన్న సంస్థకు నాలుగు పేజీలు, ఒక ఫారం, ప్రతి సోమవారం గడువు తీరిన ప్రకటనలు తీసేసే ఒక మనిషి చాలు. ఫారాన్ని పరీక్షించే పద్ధతి కూడా తేలిక. ఆఫీసులో తెలిసినవారితో నింపించకుండా, సంస్థ పనిచేసే ఊళ్ల నుంచి ఐదుగురిని పిలిచి, వాళ్ల ఫోన్లలోనే నింపమనాలి. పక్కన కూర్చున్నవారు నోరు మెదపకూడదు. ఎక్కడ వేలు ఆగింది, ఏ గడి దగ్గర పక్కవారి ముఖం చూశారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు అన్నది రాసుకుంటే చాలు. ఆ ఐదుగురిలో ఇద్దరు ఒకే చోట ఆగితే ఆ గడి మార్చాల్సిందే.

అలా చూసిన ఏ సంస్థా ఈమెయిల్ గడి పక్కన ఎర్ర గుర్తు ఉంచదు. అక్కడ ఫోను నంబరు గడి వస్తుంది. దాని కింద చిన్న ప్రశ్న ఉంటుంది: ‘ఈ నంబరు మీదేనా, ఇంట్లో వేరేవారిదా?’ వేరేవారిదైతే ఎవరిదో, ఏ వేళకు చేస్తే దొరుకుతారో రాయడానికి ఒక గీత. సాయంత్రం ఏడు తర్వాత నాన్న ఫోనుకు చేయమని ఆమె రాస్తుంది. సంస్థ నుంచి ఎవరో ఏడున్నరకు చేస్తారు.